ఎస్తేరమ్మ ఫోనుకొచ్చే ఆరంకెలు

ఉదయగిరి,
సోమవారం.

గౌరవనీయులైన ఎస్తేరమ్మ మేడమ్ గారికి, జోయల్ నమస్కరించి రాసుకునేది.

నిన్న ఆదివారం ఆత్మకూరులో మీ ఇంటి గేటు ముందర హెల్మెట్ పెట్టుకొని "మేడమ్, ఓటీపీ! మేడమ్, ఓటీపీ!" అని అరిచినవాణ్ణి నేనే. నేను దొంగను కాను మేడమ్. మీరు కిటికీ రెక్క మూసేసినారు. ఎదురింటాయన కర్ర ఎత్తుకొని వచ్చినాడు. నేను బండి తిప్పుకొని వచ్చేసినాను. ఫోను చేస్తే కట్ చేస్తున్నారు. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేసినారు. ఇంకేం దారి లేక, మీకు బాగా తెలిసిన మనిషని చెప్పి, బస్సు కండక్టరు ఓబులయ్యన్న చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

మీరు ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైపోయిన తర్వాత మన డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌గా చేరినాను. గెస్టు లెక్చరర్ని. మాది చేజర్ల. నాకు అప్పజెప్పిన మొదటి పని, కాలేజీ మొత్తాన్నీ క్లౌడులోకి మార్చడం. మీ కాలంలో సర్వరు గదిలో ఉండిన లెక్కలు, మార్కులు, పిల్లకాయల వివరాలు అన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో, ఎక్కడో పెద్ద కంపెనీ వాళ్ళ మిషన్లలో ఉంటాయి. మనకి సర్వరు అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు, కరెంటు పోతే యూపీఎస్ కూత అక్కర్లేదు. పిల్లకాయలు ఇంట్లో కూర్చోనే హాల్‌టికెట్ తీసుకోవచ్చు.

వివరాలు ఎక్కించేంత వరకు కంపెనీ వాళ్ళే చూసుకున్నారు, అంతా బాగానే ఉంది గానీ, ఇప్పుడు మనం లోపలికి పోవాలంటే ప్రతిసారీ ఆరంకెల ఓటీపీ అడుగుతుంది. అది మీ ఫోనుకి వస్తుంది. నేను రాకముందే, మీరు ఉద్యోగంలో ఉండగా ఖాతా తెరిచిన రోజు "ఎస్తేరమ్మ గారి నంబరు పెట్టండి, ఆమె ఫోను ఎప్పుడూ ఆపదు" అన్నారంట అందరూ. మీకు వీడ్కోలు సభ చేసి శాలువా కప్పినారు గానీ నంబరు మార్చాలని ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడు మారుద్దామంటే, పాత నంబరుకి వచ్చే ఓటీపీ చెబితేనే కొత్త నంబరు ఎక్కించుకుంటామంటారు ఆ కంపెనీ వాళ్ళు.

వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి ఫైనలియర్ పిల్లకాయల పరీక్ష లిస్టు యూనివర్సిటీకి పంపాలి. పంపకపోతే అందరికీ సంవత్సరం పోతుంది. నన్ను ఇంటికి పంపుతారు, అది వేరే విషయం. దయచేసి నా ఫోను ఎత్తండి.

ఇట్లు,
మీ విధేయుడు
జోయల్

తా.క.: మీ ఎదురింటాయనకి కూడా నా నమస్కారం చెప్పండి. కర్ర తగల్లేదు, బండి అద్దానికే తగిలింది.


ఆత్మకూరు,
మంగళవారం.

జోయల్ అని పేరు పెట్టుకున్న అయ్యకి,

ఎస్తేరమ్మ రాసేదేందంటే, నీ ఉత్తరం అందినాది. చక్కగా రాసినావు. దొంగ ఉత్తరాలన్నీ చక్కగానే ఉంటాయి.

మొన్న మా చర్చిలో ఒకామెకి ఫోను చేసి, నేను బ్యాంకు మేనేజర్ని అని ఓటీపీ అడిగి ఉన్నదంతా ఊడ్చుకొని పోయినారు. వాడూ నీ మాదిరే "మేడమ్ మేడమ్" అన్నాడంట. పాస్టరు గారు ప్రసంగంలో చెప్పినాడు, ఓటీపీ కన్నకొడుకుకి కూడా చెప్పొద్దని. ఎవురికి ఫోను చేసినా ముందు వచ్చే ఆ రికార్డు గొంతు కూడా అదే చెప్తాది. నువ్వేమో కన్నకొడుకువి కూడా కాదు.

నిజంగా నువ్వు కాలేజీ మనిషివైతే కాలేజీ లెటర్‌హెడ్డు మీద, ప్రిన్సిపాల్ జనార్దనయ్య గారి సంతకంతో, సీలు వేసి పంపు. ఇంగొకటి. ఈ మోసగాళ్ళు ఢిల్లీలోనో యాడో కూర్చోని ఉదయగిరి అని చెప్పుకుంటారు. నువ్వు ఉదయగిరిలోనే ఉంటే అక్కడ చేసే చెక్కగరిటె ఒకటి ఓబులయ్య చేత పంపు. ఢిల్లీ వాడికి అది దొరకదు గదా, చూస్తా.

నీ వల్ల నా ఫోను రోజంతా కుయ్యిమంటా ఉండాది. నువ్వు బటను నొక్కినప్పుడంతా నాకు మెసేజీ. నిన్న ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు కళ్ళు మూసుకొని ఉంటే నీ ఓటీపీ వచ్చినాది. అందురూ నా పక్క తిరిగినారు. నేను కళ్ళు తెరిచి ఉండానని అందురికీ తెలిసిపోయినాది.

ఇట్లు,
ఎస్తేరమ్మ
(రిటైర్డు సూపరింటెండెంటు)

తా.క.: గరిటె పొడుగుది పంపు. పప్పు గుత్తి వద్దు, ఉండాది.


ఉదయగిరి,
బుధవారం.

పూజ్యులైన ఎస్తేరమ్మ గారికి, జోయల్ అనేక నమస్కారాలతో రాసేది.

మీరు అడిగిన గరిటె ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. లెటర్‌హెడ్డు ఇదే. సీలు వేయించినాను. కానీ జనార్దనయ్య గారి సంతకం తేలేను మేడమ్. ఆయన కూడా రిటైరైనారు. ఇప్పుడు ప్రిన్సిపాల్ విజయకుమారి గారు. సంతకం ఆమెది. ముద్ర కొంచెం కొత్తగా ఉంటుంది, లోగో మార్చినారు, అనుమానపడొద్దు.

మేడమ్, మూడు రోజులే ఉన్నాయి. పిల్లకాయలు వరండాలో కూర్చోని నా మొహం చూస్తున్నారు. సుకుమారి అని ఒక అమ్మాయి, మేకలు కాసే ఇంటి పిల్ల, మా ఫైనలియర్‌లో ఫస్టు. ఆ పిల్ల బీఎడ్ ఎంట్రన్సుకి కట్టి ఉంది. ఈ పరీక్ష రాయకపోతే అదీ పోయినట్టే. నిన్న వచ్చి "సార్, క్లౌడంటే మా అందరి పేర్లూ యాడైనా కనబడతాయన్నారు గదా, ఇప్పుడు మీకే కనబడడంలా?" అని అడిగింది. నవ్వలేదు ఆ పిల్ల. నేనూ నవ్వలేదు.

విజయకుమారి మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, "ఒక ముసలామె దగ్గర ఆరంకెలు రాబట్టలేనివాడికి కంప్యూటర్ ఉద్యోగం ఎందుకు?" అన్నారు. క్షమించండి, ముసలామె అన్నది ఆమె మాట. నాది కాదు.

ఇట్లు,
మీ విధేయుడు
జోయల్

తా.క.: మీ కిందటి ఉత్తరం ఓబులయ్యన్న నాకు ఇచ్చేటప్పుడు మడత విప్పి ఉంది. "నాకు తెలియని సంగతి ఏముంది అబ్బయా" అన్నాడు. వింజమూరు నుంచి ఎక్కిన వాళ్ళకి కూడా మన సంగతి తెలుసంట. వాళ్ళు మీ పక్కే ఉన్నారు.


ఆత్మకూరు,
గురువారం పొద్దున.

అబ్బాయ్ జోయలూ, ఎస్తేరమ్మ ఆశీర్వదించి రాసేది.

గరిటె అందినాది. మా చెల్లెలు రాహేలమ్మ దాంతో అప్పుడే పులుసు కలిపింది. ఉదయగిరి పనే, అనుమానం లేదు. నువ్వు దొంగవి కాదు. నిన్ను దొంగ అన్నందుకు మనసులో పెట్టుకోవద్దు. ఆ ఎదురింటాయన కర్ర ఎత్తడం నేను చెప్పింది కాదు, ఆయనకి ఉబలాటం ఎక్కువ.

ఆ సుకుమారి సంగతి చదివి రాత్రి అన్నం సయించలేదు. ఆ పిల్ల సంవత్సరం నా వల్ల పోతే దేవుడి ముందు ఏ మొహం పెట్టుకొని నిలబడాల? అందుకని, నీకు కావల్సిన అంకెలన్నీ ఇస్తా ఉండా. ఫోనులో చెప్పను, ఎవురైనా వింటా ఉంటారు. ఇంగో కాగితం మీద రాసినాను చూడు. ఆదివారం నుంచి వచ్చిన ఓటీపీలన్నీ, వరసగా, తేదీతో సహా, తప్పులు లేకుండా ఎక్కించినాను. కవరుకి గమ్ము వేసి, పైన నా సంతకం పెట్టినా. ఓబులయ్య విప్పితే తెలిసిపోతాది. వీటిల్లో నీకు ఏది కావాలంటే అది వాడుకో. మిగిలినవి దాచిపెట్టుకో, మళ్ళీ పనికొస్తాయి.

ఇంగ పని కానీ. ఆ పిల్లకి నా దీవెన చెప్పు.

ఇట్లు,
ఎస్తేరమ్మ

తా.క.: ముసలామె అన్న మీ ప్రిన్సిపాలుకి కూడా ఒక గరిటె కొనిపెట్టు. ఇంట్లో పనికొస్తాది, నోరు కాస్త ఆడకుండా ఉంటాది.


ఉదయగిరి,
గురువారం సాయంత్రం.

అమ్మా ఎస్తేరమ్మ గారూ,

మీరు పంపిన కాగితం చూసినాను. కుదురుగా, అచ్చు వేసినట్టు రాసినారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. కానీ అమ్మా, ఓటీపీ వచ్చిన పది నిమిషాల్లో చచ్చిపోతుంది. మీరు పంపినవన్నీ ఎప్పుడో పోయినాయి. దాచిపెట్టుకుంటే పనికిరావు. ముందే చెప్పకపోవడం నాదే పొరపాటు.

రేపు శుక్రవారం పొద్దున పది గంటలకి ఫోను చేతిలో పట్టుకొని కూర్చోండి. నేను ఇక్కడ బటను నొక్కుతాను, మీకు మెసేజీ వస్తుంది, నేను వెంటనే ఫోను చేస్తాను, మీరు చదివేస్తారు. ఒక్క నిమిషం పని. ఒకసారి లిస్టు పంపితే అది మూసుకుపోతుంది, ఇక ఎవరూ కదిలించలేరు. మనకి నిశ్చింత.

మీకు నమ్మకం కుదరడానికి ఒకటి చెబుతాను. ఈ క్లౌడు గొప్పేందంటే, కాలేజీలో చదివే ఎవరైనా ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు. వెబ్‌సైటు అడ్రసు ఈ కాగితం వెనకవైపు రాసినాను. దాంట్లో ఎవరి రిజిస్టర్ నంబరు కొట్టినా వాళ్ళ వివరాలు కనబడతాయి. దీనికి ఓటీపీ కూడా అక్కర్లేదు. ఆత్మకూరులో కూర్చోనే చూడండి, మీ ఆఫీసు ఎంత మారిపోయిందో.

పాత సర్వరు గది ఇప్పుడు ఖాళీ. దాన్ని పిల్లకాయల రీడింగు రూము చేస్తారంట. ఆ సర్వరు డబ్బాని శనివారం మధ్యాహ్నం పాత ఇనుము బండికి ఇచ్చేస్తున్నాం.

ఇట్లు,
జోయల్

తా.క.: ప్రిన్సిపాల్ గారికి గరిటె ఇచ్చినాను. ఎవరు పంపినారని అడిగినారు. స్టాఫ్ తరఫున అని చెప్పినాను. చాలా సంతోషించినారు.


ఆత్మకూరు,
శుక్రవారం పొద్దున.

జోయల్‌కి,

పది గంటలకి నువ్వు ఫోను చేస్తావు. నేను ఎత్తను. ఊరికే నొక్కి నొక్కి వేలు నొప్పి తెచ్చుకోవద్దు. ఈ ఉత్తరం మొదటి బస్సుకే పంపుతా ఉండా.

నువ్వు చెప్పిన వెబ్‌సైటు చూసినాను. పాత బ్యాచిలు యాడ? నీ క్లౌడులో నిన్న మొన్న చేరిన పిల్లకాయలు తప్ప ముందర వాళ్ళు ఒక్కరూ లేరు. నంబరు కొడితే "ఈ నంబరుతో ఎవరూ లేరు" అని వస్తా ఉండాది. ఆ కాలేజీ నువ్వు చేరిన రోజు పుట్టినాదా? మేమంతా లేమా?

ఆ పాత సర్వరుని అమ్మితే చూడు. దాని మీద చెయ్యి పడితే నేను ఊరుకోను. ముందు దాంట్లో ఉన్న పాత బ్యాచిలన్నీ, ప్రైవేటుగా కట్టినోళ్ళతో సహా, నీ క్లౌడులోకి ఎక్కియ్యి. అది అయినాక చెప్పు, అప్పుడు ఓటీపీ. అంతవరకు లిస్టు మూయడానికి వీల్లేదు.

ఎందుకని అడగొద్దు.

ఎస్తేరమ్మ

తా.క.: ఈసారి తా.క. లేదు.


ఉదయగిరి,
శుక్రవారం సాయంత్రం.

ఎస్తేరమ్మ గారికి,

మీరు ఫోను ఎత్తలేదు. పది నుంచి మధ్యాహ్నం వరకు చేసినాను. చివరికి కంపెనీ వాళ్ళు "చాలా సార్లు ప్రయత్నించినారు, కాసేపు ఆగండి" అని ఖాతాని గంటసేపు ఆపేసినారు.

పాత బ్యాచిలు ఎక్కించకపోవడం నా ఇష్టం కాదు మేడమ్. కంపెనీ వాళ్ళు మనిషి లెక్కన డబ్బు తీసుకుంటారు. అందుకని ఇప్పుడు చదివే వాళ్ళని మాత్రమే ఎక్కించమని కాలేజీ నడిపే సొసైటీ వాళ్ళు చెప్పినారు. పాత వాళ్ళు ఇప్పుడు ఎవరొస్తారు, ఏం చేస్తారు అన్నారు.

ఒక మాట రాయక తప్పడంలేదు. మీ ఉత్తరం ప్రిన్సిపాల్ గారి కంట పడింది. "ఆ పాత సర్వరులో ఏముంది? ఈమెకి ఎందుకింత కంగారు? దొంగ మార్కులు ఏమన్నా ఎక్కించి ఉందా? పాత సర్టిఫికెట్లలో ఏదో తేడా చేసి, కొత్తదాంట్లో కలిపి కప్పిపుచ్చుకోవాలని చూస్తోంది" అన్నారు. నేను కాదన్నాను. నిజం చెప్పాలంటే, గట్టిగా అనలేదు. మీరు ఎందుకని అడగొద్దన్నారు గదా. ఆమె సర్వరు గదికి తన సొంత తాళం వేయించి, ఇనుము బండి వాణ్ణి రావద్దన్నారు. సోమవారం ఎంక్వయిరీ వేస్తారంట.

నాకు ఎంక్వయిరీ అక్కర్లేదు. సర్వరు అక్కర్లేదు. రేపు ఐదు గంటలు దాటితే సుకుమారి ఇంటికి పోయి మేకలు తోలుకుంటుంది. మీరు ఏదైనా చేసి ఉంటే చేసి ఉండండి, నేను ఎవరికీ చెప్పను. ఆ పిల్లని మాత్రం వదిలేయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

జోయల్

తా.క.: పైన రాసింది బస్సు దగ్గర ఓబులయ్యన్న చదివి, నన్ను చూడకుండా మొహం తిప్పుకున్నాడు. బస్సులో ఎవరూ ఇప్పుడు నా పక్కా లేరు, మీ పక్కా లేరు.


బస్సులో,
శనివారం పొద్దున.

జోయలూ నాయనా,

దొంగ మార్కులా? నేనా? ఆ మాట చదివి రాత్రంతా నా ఒళ్ళు మండిపోయినాది. ఆ కాలేజీలో ఒక్క అంకె తేడా వస్తే తెల్లవార్లూ కూర్చోని సరిచేసినదాన్ని. మీ ప్రిన్సిపాలుకి ఆ గరిటె తిరిగి ఇయ్యమని చెప్పు.

ఈ ఉత్తరం ఓబులయ్య చేతికి ఇవ్వను. నేనే తెస్తా ఉండా. వింజమూరు దాటినాము. అక్షరాలు వంకరగా ఉంటే అది రోడ్డు తప్పు. మనిషిని వస్తా మళ్ళీ ఉత్తరం ఏంటికి అంటావు. నోటితో చెప్పలేనబ్బయా. అందుకే రాస్తా ఉండా. గేటు కాడ వాచ్‌మన్ చేత నీకు పంపి, నేను బయటే నిలబడతా. చదువుకో. నవ్వొస్తే నవ్వుకో. పూర్తిగా నవ్వుకొని, మొహం కడుక్కొని, అప్పుడు బయటికి రా.

నేను ఇంటరుతో ఆ ఉద్యోగంలో చేరినా. అప్పుడు ఇంటరు చాలు. తర్వాత అదే కాలేజీలో ప్రైవేటుగా బీకాం కట్టినా. అన్నీ పాసైనా, ఒక్క పేపరు మిగిలిపోయినాది. మళ్ళీ కట్టినా, మళ్ళీ తప్పినా. తర్వాత ఉద్యోగం, మా అమ్మ మంచాన పడడం, ఆ పేపరు అట్టే ఉండిపోయినాది. ఎవురూ అడగలేదు. నేనేమో టేబులు ముందర కూర్చోని, సప్లిమెంటరీ కట్టడానికి వచ్చిన ప్రతి పిల్లకాయనీ "ఒక్క పేపరు పాసు కాలేవా, సిగ్గు లేదా" అని తిట్టేదాన్ని. నేను తిట్టిన వాళ్ళు ఇప్పుడు టీచర్లు, ఆఫీసర్లు. అందురూ నన్ను మేడమ్ అంటారు. మా రాహేలమ్మ కూడా నాకు డిగ్రీ ఉండాదనే అనుకుంటాది. ఇంగ నేను ఏ నోటితో చెప్పేది?

మొన్న యూనివర్సిటీ పేపర్లో వేసినాది, పాత బ్యాచిల వాళ్ళకి మిగిలిన పేపర్లు రాసుకోవడానికి ఇదే ఆఖరి అవకాశమని. ఈసారి దాటితే ఇంగ ఈ జన్మకి లేదు. ఫారం నింపుకొని, ఫీజు కట్టుకొని కూర్చున్నా. మా పేర్లు కూడా కాలేజీ పంపే ఈ లిస్టులోనే పోవాలంట. నువ్వు చెప్పినావని నా నంబరు కొట్టి చూసినా. "ఈ నంబరుతో ఎవరూ లేరు" అన్నాది. ఆ కాలేజీకి నా బతుకంతా ఇచ్చినానురా. ఎవరూ లేరంట. ఫోను పక్కన పడేసి ఏడ్చినా.

నువ్వు ఆ లిస్టు మూసేస్తే నేను బయటే ఉండిపోతా. నేను ఓటీపీ ఇస్తే నా చేత్తో నేనే తలుపు వేసుకున్నట్టు. ఇయ్యకపోతే ఆ పిల్ల బయట ఉండిపోతాది. రెండు రోజులు ఎట్లా గడిపినానో ఆ దేవుడికే తెలుసు. ఆ పిల్లని వదిలేయండి, మీ కాళ్ళు పట్టుకుంటా అన్నావు చూడు, అక్కడ తట్టుకోలేకపోయినా. దానికి ఇరవై ఏళ్ళు. నాకు పేపరు లేకపోయినా పెన్షను వస్తాది.

కాబట్టి విను. నేను గేటు కాడ నిలబడి ఉంటా, ఫోను చేతిలో ఉంటాది. నువ్వు రాంగానే నొక్కు, అంకెలు చెప్పేస్తా. ముందు ఆ పిల్లల పేర్లే ఎక్కిచ్చు. షరతు ఏం లేదు. ఆ తర్వాత ఐదు గంటల లోపల నీకు తీరిక ఉంటే, మీ ప్రిన్సిపాలు తాళం తీస్తే, ఆ సర్వరు ఆన్ చేసి నన్ను ఒకదాన్ని బయటికి తీసి, లిస్టు మూసేముందు దాంట్లో కలుపు. ఆమె నన్ను దొంగ అనుకోబట్టి గదికి తాళం వేసింది. లేకుంటే ఈ మధ్యాహ్నానికి నేను పాత ఇనుము బండిలో ఉండేదాన్ని. దేవుడు ఆమెని చల్లగా చూడాల. గరిటె ఉంచుకోమని చెప్పు.

ఉదయగిరి కొండ కనబడతా ఉండాది. దిగుతా.

ఇట్లు,
ఎస్తేరమ్మ
(మీ కాలేజీ విద్యార్థిని)

తా.క.: తప్పిన పేపరు ఏదని నువ్వు అడగకపోయినా లిస్టులో కనబడతాది కాబట్టి నేనే చెప్తా ఉండా. కంప్యూటర్. ఇప్పుడు నవ్వినావంటే మాత్రం ఫోను ఆపేసి ఇదే బస్సులో వెనక్కి పోతా.